వైర్‌లెస్ ఇంటర్నెట్ లింకుకు డిష్ యాంటెన్నాను ఎంచుకోవడం ఎలా?



ఈ రోజుల్లో హాస్టల్ విద్యార్థికి అన్నం, పుస్తకం ఎంత అవసరమో ఇంటర్నెట్ కూడా అంత అవసరమైంది. స్కాలర్‌షిప్ కోసం ఈ-పాస్ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. డిగ్రీ సీటు 2016 నుంచి దోస్త్ ద్వారానే. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా నెట్ ఉండాల్సిందే. చివరి తేదీ రోజు నెట్ సెంటర్ ముందు వరుసలో నిలబడి సీటు పోగొట్టుకునే పరిస్థితి మన పిల్లలకు రాకూడదు. అందుకే పూర్వ విద్యార్థులం ఎక్కడ కలిసినా "తలా కొంత వేసుకుని హాస్టల్‌కు నెట్ పెట్టిద్దాం" అన్న మాట వస్తుంది.

మంచి మాటే. అయితే ఆ మాట వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది. "పెద్ద డిష్ కొందాం, ఎంత దూరమైనా లాగుతుంది." ఈ మాట దగ్గరే చందా డబ్బులు వృథా అయ్యే ప్రమాదం ఉంది. డిష్ సైజు చివర తేల్చవలసిన విషయం. దానికి ముందు చూడవలసినవి, వేయవలసిన లెక్కలు కొన్ని ఉన్నాయి. పదో తరగతి గణితం, కొంచెం లాగరిథమ్స్ తెలిసినవారెవరైనా ఆ లెక్క వేయగలరు. అదెలాగో వరుసగా తెలుసుకుందాం.

1. పాయింట్ టు పాయింట్ లింకు అంటే ఏమిటి?

ఇంటర్నెట్ ఉన్న ఒక చోటు నుంచి, లేని ఇంకొక చోటికి గాలిలో రేడియో తరంగాల ద్వారా వేసే వంతెనే పాయింట్ టు పాయింట్ లింకు. రెండు చివరలా ఒక్కొక్క రేడియో, ఒక్కొక్క యాంటెన్నా ఉంటాయి. రెండు యాంటెన్నాలూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ ఉంటాయి. ఇంట్లో వైఫై రూటర్ అన్ని వైపులకూ సిగ్నల్ వెదజల్లుతుంది. ఈ లింకు మాత్రం ఒకే దిక్కుకు పంపుతుంది.

ముందే ఒక మాట. మీ వీధి దాకా ఫైబర్ వచ్చి ఉంటే ఫైబరే తీసుకోండి. మధ్యలో గోదావరి, రైల్వే లైను, ఓపెన్‌కాస్ట్ గని, లేదా తవ్వకాల వల్ల తరచూ మారే రోడ్డు ఉండి కేబుల్ వేయడం కుదరని చోట వైర్‌లెస్ లింకు పనికొస్తుంది. రామగుండం, గోదావరిఖని, మంథని, మంచిర్యాల ప్రాంతాల్లో అటువంటి చోట్లు తక్కువేమీ కావు.

2. డిష్ చేసే పని

బాయిలో దిగే కార్మికుడి క్యాప్ ల్యాంపు మీరంతా చూసే ఉంటారు. లోపల బల్బు చిన్నది. దాని వెనక గిన్నెలాంటి అద్దం ఉండడం వల్లనే వెలుగు ముందుకు దూరంగా పడుతుంది. ఆ అద్దం కొత్తగా వెలుగును పుట్టించదు, ఉన్న వెలుగును ఒక దిక్కుకు మళ్లిస్తుంది. డిష్ కూడా అంతే. మధ్యలో నిలబెట్టిన ఫీడ్ నుంచి వచ్చిన తరంగాలను పారాబోలా ఆకారం ఒకే దిక్కుకు సమాంతరంగా పంపుతుంది. అవతలి నుంచి వచ్చిన వాటిని ఫీడ్ మీదికి పోగుచేస్తుంది.

ఇలా పోగుచేసే శక్తిని గెయిన్ అంటారు. దాన్ని డీబీఐలలో కొలుస్తారు. డెసిబెల్ లెక్క గుర్తుంచుకోవడం తేలిక. 3 డీబీ పెరిగితే శక్తి రెండింతలు, 10 డీబీ అయితే పదింతలు, 20 డీబీ అయితే వందింతలు.

5.8 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 5.2 సెంటీమీటర్లు. ఆ ఫ్రీక్వెన్సీలో సాధారణ డిష్‌ల లెక్క దాదాపు ఇలా ఉంటుంది.

30 సెం.మీ. డిష్: గెయిన్ 22.5 డీబీఐ, కిరణం వెడల్పు 12 డిగ్రీలు
40 సెం.మీ. డిష్: గెయిన్ 25 డీబీఐ, కిరణం వెడల్పు 9 డిగ్రీలు
60 సెం.మీ. డిష్: గెయిన్ 28.5 డీబీఐ, కిరణం వెడల్పు 6 డిగ్రీలు
90 సెం.మీ. డిష్: గెయిన్ 32 డీబీఐ, కిరణం వెడల్పు 4 డిగ్రీలు
120 సెం.మీ. డిష్: గెయిన్ 34.5 డీబీఐ, కిరణం వెడల్పు 3 డిగ్రీలు

వ్యాసం రెట్టింపైతే గెయిన్ 6 డీబీ పెరుగుతుంది, కిరణం వెడల్పు సగమవుతుంది. రెండోది మరిచిపోకండి. కిరణం సన్నబడితే పక్కనుంచి వచ్చే అక్కరలేని సిగ్నళ్లు తగ్గుతాయి. ఊరు నిండా వైఫై ఉన్న చోట ఇది మేలు. కానీ డిష్ కొద్దిగా కదిలినా గురి తప్పుతుంది. 5 కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తేడా అంటే 87 మీటర్లు పక్కకు పోయినట్టు.

3. మొదట చూపు, తర్వాతే డిష్

ఒక చివర నుంచి రెండో చివర కంటికి కనిపించాలి. దీన్నే లైన్ ఆఫ్ సైట్ అంటారు. మధ్యలో గుట్ట ఉంటే ఎంత పెద్ద డిష్ పెట్టినా ప్రయోజనం ఉండదు.

కంటికి కనిపిస్తే చాలా? చాలదు. రేడియో తరంగం దారం లాగా సన్నగా పోదు. మధ్యలో ఉబ్బిన దోసకాయ ఆకారంలో కొంత జాగాను వాడుకుంటుంది. ఆ జాగా పేరు ఫ్రెనెల్ జోన్. నడిమధ్యలో దాని వ్యాసార్ధం కనుక్కునే సూత్రం ఇది.

వ్యాసార్ధం (మీటర్లు) = 17.3 × √(దూరం ÷ (4 × ఫ్రీక్వెన్సీ))

దూరం కిలోమీటర్లలో, ఫ్రీక్వెన్సీ గిగాహెర్ట్జ్‌లలో తీసుకోవాలి. 5 కిలోమీటర్లకు 5.8 గిగాహెర్ట్జ్ మీద 8 మీటర్లు వస్తుంది. అందులో కనీసం 60 శాతం, అంటే సుమారు 5 మీటర్ల మేర ఏ అడ్డూ లేకుండా ఉండాలి. చూపు రేఖకు కింద చెట్ల కొనలు, మేడలు 5 మీటర్ల దూరంలో ఉండాలన్నమాట. 10 కిలోమీటర్ల లింకుకు వ్యాసార్ధం 11 మీటర్లు దాటుతుంది. ఆ దూరంలో భూమి వంపు కూడా మధ్యలో మీటరున్నర దాకా పైకి వస్తుంది. దాన్నీ కలుపుకోవాలి.

మన బొగ్గు ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి తీసిన మట్టిని కుప్పలుగా పోస్తారు. అవి ఏడాదికేడాది ఎత్తు పెరిగి గుట్టలవుతాయి. ఈ రోజు ఎదురుగా కనిపించే మేడ రెండేళ్ల తర్వాత మట్టికుప్ప వెనక దాగిపోవచ్చు. కాబట్టి లింకు దారిలో ఓసీపీ ఉంటే ఆ కుప్ప ఎటువైపు పెరుగుతోందో అక్కడ పనిచేసేవారిని అడిగి తెలుసుకోండి. మన అన్నలు, బాబాయిలు అక్కడే పనిచేస్తుంటారు కాబట్టి అడగడం కష్టమేమీ కాదు.

చూపును వేసవిలోనే కాక వానాకాలంలోనూ చూడండి. వేసవిలో మోడుగా ఉన్న చెట్టు ఆగస్టు నాటికి ఆకులతో నిండి సిగ్నల్‌ను మింగుతుంది. పగలు బైనాక్యులర్‌తో, రాత్రి బలమైన టార్చి లైటుతో రెండు చివరలా మనుషులు నిలబడి చూసుకోవచ్చు.

4. ఫ్రీక్వెన్సీ, చట్టం

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును 2005లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించారు. యాంటెన్నా గెయిన్‌తో కలిపి బయటికి పోయే శక్తి 4 వాట్లు, అంటే 36 డీబీఎం మించకూడదని షరతు పెట్టారు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పరిధిలో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను బయట వాడుకోవడానికి కూడా లైసెన్సు నుంచి మినహాయించారు. ఒక్కో భాగానికి శక్తి పరిమితి ఉంది. ఈ పాఠంలో లెక్కల కోసం 36 డీబీఎం అనుకుందాం. కొనేముందు గెజిట్‌లో మీరు వాడే భాగానికి ఉన్న పరిమితిని సరిచూసుకోండి.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు ఊళ్లలో కిక్కిరిసి ఉంటుంది. ప్రతి ఇంటి రూటర్ అందులోనే మాట్లాడుతుంది. అందుకని లింకులకు 5.8 గిగాహెర్ట్జ్ మేలు. వాన వల్ల ఈ ఫ్రీక్వెన్సీలో నష్టం తక్కువే. గట్టి వానలో కూడా 5 కిలోమీటర్లకు ఒకటి రెండు డీబీలు పోతాయి. వానాకాలంలో లింకు తెగిపోతే చాలాసార్లు అసలు దోషి కనెక్టర్‌లోకి దూరిన నీళ్లే.

ఇంకో షరతు. ఇంటర్నెట్‌ను ఇతరులకు అమ్మాలంటే సాధారణంగా లైసెన్సు ఉండాలి. హాస్టల్ కోసం లైసెన్సున్న సంస్థ నుంచి కనెక్షన్ తీసుకుని, దాన్ని ఇంకో చోటికి చేరవేయడానికి వారి ఒప్పుకోలు కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

5. అసలు లెక్క

గాలిలో ప్రయాణించేటప్పుడు సిగ్నల్ ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రం ఇది.

నష్టం (డీబీ) = 32.4 + 20 లాగ్ (దూరం కి.మీ.) + 20 లాగ్ (ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్)

5.8 గిగాహెర్ట్జ్‌కు ఒక కిలోమీటరుకు 108 డీబీ వస్తుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డీబీ కలుపుకుంటే చాలు. 2 కిలోమీటర్లకు 114, 5 కిలోమీటర్లకు 122, 10 కిలోమీటర్లకు 128.

ఉదాహరణకు మన హాస్టల్ మేడకూ ఇంటర్నెట్ దొరికే చోటుకూ మధ్య 5 కిలోమీటర్లు అనుకుందాం. రెండు చివరలా 60 సెంటీమీటర్ల డిష్ పెడదాం.

బయటికి పోయే శక్తి: +36
గాలిలో నష్టం: −122
అవతలి డిష్ గెయిన్: +28.5
కనెక్టర్లు, గురిలో తేడా: −2
చేరే సిగ్నల్: −59.5 డీబీఎం

మంచి వేగం రావాలంటే సాధారణ రేడియోకు సుమారు −75 డీబీఎం కావాలి. ఖచ్చితమైన అంకె రేడియోతో వచ్చే కాగితంలో ఉంటుంది. మన సిగ్నల్ దానికంటే 15.5 డీబీ ఎక్కువ. ఈ మిగులునే ఫేడ్ మార్జిన్ అంటారు. ఎండ వల్ల గాలి పొరల్లో వచ్చే మార్పులు, చలికాలం పొద్దున గోదావరి మీది మంచు, గురిలో వచ్చే చిన్న తేడాలు, ఇవన్నీ ఈ మిగులులోంచే ఖర్చవుతాయి. 15 నుంచి 20 డీబీ ఉంటే నిశ్చింత.

అదే 5 కిలోమీటర్లకు 40 సెంటీమీటర్ల డిష్ పెడితే మిగులు 12 డీబీ, కొంచెం బిగువు. 90 సెంటీమీటర్లది పెడితే 19 డీబీ. దానికి ఖర్చు ఎక్కువ, గాలి భారం ఎక్కువ. కాబట్టి 60 సరిపోతుంది. 2 కిలోమీటర్లయితే 40 సెంటీమీటర్ల డిష్‌తోనే 20 డీబీ మిగులుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఉంది. చట్టం పరిమితి పెట్టింది మొత్తం బయటికి పోయే శక్తి మీద. పంపే వైపు డిష్ పెద్దదైతే రేడియో శక్తిని ఆ మేరకు తగ్గించాలి. 60 సెంటీమీటర్ల డిష్‌కు రేడియోను 7.5 డీబీఎం దగ్గర, 90కి 4 డీబీఎం దగ్గర పెట్టాలి. అంటే పెద్ద డిష్ లాభం అందుకునే వైపు మాత్రమే దక్కుతుంది. రెండు చివరలా డిష్ మార్చి 7 డీబీ వస్తుందనుకుంటే 3.5 డీబీ మాత్రమే వస్తుంది. "పెద్ద డిష్ అంటే ఎక్కువ దూరం" అన్న మాటలో సగం బలం ఇక్కడే పోయింది.

మరి 10 కిలోమీటర్లకు? 60 సెంటీమీటర్ల డిష్‌తో మిగులు 9.5 డీబీ. 120 సెంటీమీటర్లది పెడితే 15.5. ఇంకో దారి కూడా ఉంది. వేగాన్ని ఒకటి రెండు మెట్లు తగ్గించుకుంటే రేడియోకు −82 డీబీఎం చాలు. అప్పుడు 60 సెంటీమీటర్ల డిష్‌తోనే 16.5 డీబీ మిగులుతుంది. దరఖాస్తులు, హాల్ టికెట్లు, పాఠాల వీడియోలకు ఆ వేగం సరిపోతుంది. నిలకడగా ఉండే నెమ్మది లింకు, రోజుకు నాలుగుసార్లు తెగే వేగం లింకు కంటే నూరుపాళ్లు నయం.

6. ఏ రకం డిష్?

జాలీ డిష్: గాలి దూరిపోతుంది కాబట్టి స్తంభం మీద భారం తక్కువ. అయితే జాలీ సందులు తరంగదైర్ఘ్యంలో పదో వంతు మించకూడదు. 2.4 గిగాహెర్ట్జ్‌కు 12 మిల్లీమీటర్లు, 5.8కి 5 మిల్లీమీటర్లు. 2.4 కోసం చేసిన జాలీ డిష్‌ను 5.8కి వాడితే తరంగాలు వెనక్కి కారిపోతాయి.

గట్టి రేకు డిష్: 5.8కి ఎక్కువగా ఇదే వాడతారు. రెండు పోలరైజేషన్లు ఉన్న ఫీడ్ ఉన్నదే తీసుకోండి. నిలువు, అడ్డం తరంగాల మీద రెండు ధారలు ఒకేసారి పోతాయి కాబట్టి వేగం దాదాపు రెట్టింపవుతుంది.

ముఖానికి కప్పు ఉన్న డిష్: ఆ కప్పును రేడోమ్ అంటారు. గాలి జారిపోతుంది, బొగ్గు పొడి, పక్షి గూళ్లు లోపలికి చేరవు. మన ప్రాంతంలో కొంచెం ఎక్కువ పెట్టినా ఇది మంచిది.

పాత డీటీహెచ్ డిష్: దీనితో చేయవచ్చా అని చాలామంది అడుగుతారు. రేకు పనికొస్తుంది. కానీ దానికున్న ఎల్‌ఎన్‌బీ వేరే ఫ్రీక్వెన్సీకి చేసింది, పైగా పంపలేదు. సరైన ఫీడ్‌ను సరిగ్గా ఫోకస్ దగ్గర అమర్చాలి. అది ఆఫ్‌సెట్ డిష్ కాబట్టి నేలకు సమాంతరంగా గురి పెట్టినప్పుడు కిందికి వంగి చూస్తున్నట్టుంటుంది. సైన్స్ ప్రాజెక్టుకు చక్కగా ఉంటుంది. హాస్టల్ రోజువారీ అవసరానికి తయారైన డిష్ కొనడమే మేలు.

7. గాలి, స్తంభం, పిడుగు

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారాలు మీకు తెలిసినవే. గంటకు 100 కిలోమీటర్ల గాలికి 60 సెంటీమీటర్ల రేకు డిష్ మీద పడే నెట్టుడు దాదాపు 17 కిలోల బరువుతో సమానం. 90కి సుమారు 39 కిలోలు, 120కి 69 కిలోలు. వ్యాసం రెట్టింపైతే గాలి భారం నాలుగింతలు. డిష్ పెంచితే పైపు, క్లాంపులు, గోడ బోల్టులు అన్నీ పెంచాలి. పిట్టగోడకు బిగించిన సన్నటి పైపు మీద పెద్ద డిష్ పెడితే మొదటి దుమారానికే గురి తిరిగిపోతుంది.

స్తంభాన్ని భూమికి ఎర్త్ చేయాలి. కేబుల్‌కు సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాలి. కనెక్టర్లకు నీళ్లు దూరని టేపు చుట్టాలి. కేబుల్ లోపలికి వచ్చే చోట కిందికి ఒక వంపు వదిలితే వాన చుక్కలు అక్కడే రాలిపోతాయి. కరెంటు పోతే లింకు పోకుండా రెండు చివరలా చిన్న యూపీఎస్ ఉండాలి.

బాయిలో దిగేవారికి చెప్పే భద్రత మాటే మేడ ఎక్కేవారికీ వర్తిస్తుంది. హెల్మెట్, బెల్టు లేకుండా ఎక్కవద్దు. కరెంటు తీగల దగ్గర పైపు లేపవద్దు. ఉరుములప్పుడు పని ఆపేయాలి. చదువుకునే పిల్లలను ఎట్టి పరిస్థితిలోనూ స్తంభం ఎక్కించవద్దు. ఇంకొకటి, ఎలక్ట్రిక్ డిటోనేటర్లు వాడే బ్లాస్టింగ్ జోన్ దగ్గర రేడియో ట్రాన్స్‌మిటర్లు ప్రమాదకరం కావచ్చు. గని దరిదాపుల్లో లింకు పెట్టాలంటే సింగరేణి అధికారుల అనుమతి తీసుకున్న తర్వాతే మొదలుపెట్టాలి.

8. గురి పెట్టడం

లెక్క ముందే వేయడం వల్ల అసలు లాభం ఇక్కడ తెలుస్తుంది. డిష్‌కు ముఖ్య కిరణం పక్కన చిన్న చిన్న కిరణాలు కూడా ఉంటాయి. వాటిని సైడ్ లోబ్స్ అంటారు. గురి పెట్టేటప్పుడు అటువంటి చిన్న కిరణం తగిలి "సిగ్నల్ వచ్చింది" అని నట్లు బిగించేస్తారు. లెక్క ప్రకారం −59.5 రావాలి, వచ్చింది −77 అయితే ఎక్కడో తప్పుందని అర్థం. ఒకటి సైడ్ లోబ్ మీద ఉన్నారు, లేదా దారిలో అడ్డుంది. రెండు మూడు డీబీల తేడా ఉంటే సరైన గురే. లెక్క లేనివాడికి −77 కూడా సిగ్నల్‌గానే కనిపిస్తుంది.

ముందు పక్కలకు మెల్లగా తిప్పి గరిష్ఠం చూడండి, తర్వాత పైకి కిందికి. ఒక చివర పూర్తయ్యాక రెండో చివర. ఇద్దరూ ఒకేసారి తిప్పకూడదు.

9. మన తెలుగు నేల మీద జరిగిన పని

ఇది కేవలం పుస్తకాల విషయం కాదు. 2000ల దశకంలో పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం చుట్టుపక్కల గ్రామాలను బైర్రాజు ఫౌండేషన్ వారి "అశ్విని" నెట్‌వర్క్ వైఫై లింకులతో కలిపింది. పల్లెల్లో ఉన్నవారు వీడియో ద్వారా డాక్టరుతో మాట్లాడడం, దూరవిద్య పాఠాలు వినడం దాని ఉద్దేశాలు. తమిళనాడులో తేని దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రి కూడా ఇటువంటి లింకుల మీదే పల్లె కేంద్రాల్లోని రోగులను చూసింది. అశ్విని వంటి నెట్‌వర్క్‌ల అనుభవాలను ఐఐటీ అధ్యాపకులు భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2007లో ఒక వ్యాసంలో వివరించారు. అందులోంచి మనం నేర్చుకోవలసిన ముఖ్య పాఠాలు రెండు. రేడియో, డిష్‌ల కంటే ఎత్తయిన టవరుకే ఎక్కువ ఖర్చవుతుంది. నిలకడలేని కరెంటు పెద్ద సమస్య. అందుకే టవరు కట్టే ముందు ఇప్పటికే ఎత్తుగా ఉన్న మేడ, వాటర్ ట్యాంకు ఏదైనా దొరుకుతుందేమో వెతకాలి.

దూరం సంగతికొస్తే, వెనిజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి బృందం 2007లో రెండు ఎత్తయిన కొండల మధ్య 382 కిలోమీటర్ల వైఫై లింకును నడిపి చూపింది. వారికి పెద్ద డిష్‌లూ ఉన్నాయి, మధ్యలో అడ్డులేని చూపూ ఉంది. రెండోది లేకపోతే మొదటిది పనిచేసేది కాదు.

10. గుర్తుంచుకోవలసిన వరుస

ఫైబర్ ఉందా చూడు. లేకపోతే రెండు చివరల మధ్య చూపు చూడు. ఫ్రెనెల్ జోన్ లెక్క వేయి. దూరాన్ని బట్టి నష్టం లెక్క వేయి. ఎంత వేగం నిజంగా కావాలో తేల్చు. 15 డీబీ మిగులు ఇచ్చే అతి చిన్న డిష్ ఎంచుకో. దానికి తగిన స్తంభం, ఎర్తింగ్ పెట్టు. లెక్కకు దగ్గరగా సిగ్నల్ వచ్చేదాకా నట్లు బిగించకు.

మీరే చేసి చూడండి

ప్రశ్న 1: 4 కిలోమీటర్ల లింకుకు 5.8 గిగాహెర్ట్జ్ మీద రెండు చివరలా 60 సెంటీమీటర్ల డిష్ పెడితే చేరే సిగ్నల్ ఎంత? −75 డీబీఎం కావాలంటే మిగులు ఎంత?
ప్రశ్న 2: 60 బదులు 120 సెంటీమీటర్ల డిష్ పెడితే గెయిన్ ఎంత పెరుగుతుంది? గాలి భారం ఎన్నింతలవుతుంది?
ప్రశ్న 3: 2 కిలోమీటర్ల లింకులో నడిమధ్యన ఎన్ని మీటర్ల మేర అడ్డు లేకుండా ఉండాలి?

జవాబులు: 1. నష్టం 120, చేరే సిగ్నల్ −57.5 డీబీఎం, మిగులు 17.5 డీబీ. 2. గెయిన్ 6 డీబీ, గాలి భారం నాలుగింతలు. 3. వ్యాసార్ధం 5.1 మీటర్లు, అందులో 60 శాతం సుమారు 3 మీటర్లు.

ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ లెక్కలను నోటుబుక్కులో రాసుకోండి. రేపు ఉద్యోగంలోనూ పనికొస్తాయి. హాస్టల్‌కు లింకు పెట్టే రోజు వస్తే కొటేషన్ తెచ్చినవారిని "మార్జిన్ ఎంత?" అని మీరే అడగాలి. జవాబు అంకెల్లో చెప్పినవారికే మన చందా డబ్బులు ఇద్దాం.

ఒక పూర్వ విద్యార్థి